రోళ్లపాడులో కథానాయకుడు లేడు

మూడేళ్లు నిండని పిల్లలిద్దరిని వెంటేసుకుని ఎక్కడికైనా పోవాలంటే ముందు గడియారం చూసుకోవాలి, ఆ తర్వాతే దారి. వాళ్ల సంబరం గట్టిగా రెండు గంటలు. ఆ పైన ఆకలి, ఆకలి తీరితే నిద్ర, నిద్ర చెడితే ఎందుకో ఎవరికీ తెలియని ఏడుపు. సంక్రాంతికి బిడ్డ వచ్చింది, మనవలిద్దరూ వచ్చారు. పిల్లల్ని యాడికైనా తిప్పుకొద్దామని ఇంట్లో మాట లేచింది. హైదరాబాదు వండర్లా థీమ్ పార్కు పేరు ముందుకొచ్చింది. కర్నూలు నుంచి రెండొందల కిలోమీటర్ల పైమాట, కడప వాళ్లకైతే దానికి రెట్టింపు. అంత దూరం పోతే అక్కడ చాలా ఆటల దగ్గర ఎత్తు కొలిచే గీత ఒకటి ఉంటుంది. మా వాళ్లు మునివేళ్ల మీద నిలబడినా ఆ గీతను అందుకోలేరు.

"అంత దూరం పోయి, గీత కింద నిలబెట్టి, మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలనా నాయనా?" అంది బిడ్డ.

నిజమే. ఆ వయసు పిల్లలకి కావలసింది పరిగెత్తేంత జాగా, వేలెత్తి చూపించేకి ఒక ప్రాణి, పొద్దెక్కకముందే ఇంటిదారి. అంతకు మించి పెట్టే ఖర్చంతా పెద్దవాళ్ల ముచ్చటే. అందుకని నేను రోళ్లపాడు పేరు చెప్పాను.

థీమ్ పార్కు అంటే ఒక కథను పట్టుకుని దాని చుట్టూ కట్టిన తోట. కథకొక నాయకుడుంటాడు. గేటు మీద వాడి బొమ్మ, లోపల దారులన్నీ వాడి దగ్గరికే. ఆ లెక్కన చూస్తే మా జిల్లాకూ ఒక థీమ్ పార్కు ఉంది. 1988లో ఒకే ఒక్క పక్షి కోసం ప్రభుత్వం 614 హెక్టార్ల గడ్డిబీడును అభయారణ్యంగా ప్రకటించింది. మన లెక్కలో పదిహేను వందల ఎకరాలు. నందికొట్కూరు వైపు, మిడ్తూరు మండలంలో ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, మా నోట మాత్రం ఇంకా కర్నూలుదే. ఆ పక్షి బట్టమేక.

చూడనివాళ్లకు బట్టమేక గురించి చెప్పడం కష్టం. మగపక్షి నిలబడితే మీటరు ఎత్తు. పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఇంత బరువుండీ ఎగరగలిగే పక్షులు ప్రపంచంలోనే కొద్ది. నెత్తిన నల్లటి కుచ్చు, పొడుగాటి తెల్లటి మెడ, ఎండుగడ్డిలో కలిసిపోయే గోధుమరంగు వీపు. నడకలో తొందర ఉండదు. ఊరి పెద్దరెడ్డి చేను చూసుకునేకి వచ్చినట్టు, నాలుగడుగులు వేసి ఆగి, మెడ నిక్కించి నలుదిక్కులా చూసి, మళ్లీ నాలుగడుగులు. తొలకరి పడి బీడు పచ్చబడ్డాక మగపక్షి కాస్త మెరక చూసుకుని నిలబడి గొంతులో గాలి నింపుకుంటుంది. గొంతు కింద తెల్లటి సంచి ఉబ్బి నేల దాకా వేలాడుతుంది. తోక వీపు మీదికి విచ్చుకుంటుంది. అప్పుడు లోపలెక్కడి నుంచో ఒక గంభీరమైన హుంకారం పుట్టి ఆ చదును నేల మీద చాలా దూరం పోతుంది. ఆడపక్షులు వినాలని ఆ ఆర్భాటమంతా.

ఇంత ఆర్భాటం తర్వాత పెట్టేది సాధారణంగా ఒకే గుడ్డు. గూడు కూడా కట్టదు, నేల మీదే పెడుతుంది. దాదాపు నాలుగు వారాలు తల్లి ఒక్కతే పొదగాలి. తండ్రి ఆ పక్కకే రాడు. ఆ నాలుగు వారాల్లో ఒక కుక్క మూతి పెట్టినా, ఒక మంద తొక్కినా ఆ ఏటికి సంతానం లేనట్టే. ఇలాంటి జాతి బతకాలంటే విశాలమైన నేల కావాలి, దాన్ని ఎవరూ పట్టించుకోకుండా ఉండాలి. రాయలసీమలో ఒకప్పుడు ఈ రెండింటికీ కొదవ లేదు.

ఈ పక్షి ఒకసారి సింహాసనం దాకా పోయి వచ్చింది. దేశానికి జాతీయ పక్షిని ఎంచుకునే రోజుల్లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బట్టమేక పేరే చెప్పాడు. 1963లో కిరీటం నెమలికి దక్కింది. నెమలి అందగత్తె, కవుల ఇంటి పిల్ల, కాదనేదెవరు? కానీ ఆ గౌరవం దక్కి ఉంటే బట్టమేక తలరాత మారేదేమోనని పక్షులంటే ప్రాణమిచ్చేవాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. నాకైతే అంత నమ్మకం లేదు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకకు ఆ బిరుదు వల్ల ఒరిగిందేమిటో మా పడమటి మండలాల రైతుల్ని అడగండి, వాళ్లు చెప్పే మాటలు ఇక్కడ రాయలేను.

1969లో దేశం మొత్తం మీద 1,260 బట్టమేకలున్నాయని ఒక అంచనా. ఆ తర్వాత పదేళ్లు గడవకముందే అది వెయ్యి లోపుకు పడిపోయింది. ఆ రోజుల్లోనే రోళ్లపాడు పేరు బయటికొచ్చింది. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఇక్కడ మకాం వేశారు. అసద్ రహ్మానీ, రంజిత్ మనక్కడన్ వంటివాళ్లు ఏళ్ల తరబడి ఈ బీడులో తిరిగి, పక్షి ఎప్పుడు పొదుగుతుందో, ఏం తింటుందో, ఏ చేలో దిగుతుందో రాసిపెట్టారు. మిడతలు, పురుగులు, తొండలు, రేగుపళ్లు, చేలో దొరికితే శెనక్కాయలు. వాళ్ల రాతల్లో తేలిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. బట్టమేక అభయారణ్యంలో మాత్రమే బతికే పక్షి కాదు. చుట్టూ ఉన్న వర్షాధారపు చేలు కూడా దాని ఇల్లే. కొర్ర, జొన్న, కోత కోసి వదిలేసిన బీళ్లు, వీటన్నిటి మధ్య అది తిరుగుతుంది. ప్రభుత్వం కంచె వేసింది మాత్రం ఆ ఇంట్లో ఒక గదికి.

పతనం అక్కడి నుంచే మొదలైంది. ఒక్క రోజులో, ఒక్క దెబ్బతో కాదు.

మొదట కందకాలు తవ్వారు. పశువుల్ని రానివ్వలేదు. గడ్డి ఏపుగా పెరిగింది. ఆ గడ్డి చూసి కృష్ణజింకలు పెరిగాయి. పెరిగిన జింకలు రాత్రిళ్లు కందకం దాటి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. మొలక మీద మేసిపోతే రైతు మళ్లీ విత్తనం కొనాలి. పక్షి పేరు చెప్పి మేత ఆపారు, పక్షి పేరు చెప్పి జింకల్ని పెంచారు అని ఊళ్లవాళ్లకు కడుపుమంట. మధ్యప్రదేశ్‌లో కరేరా అభయారణ్యం కథ కూడా అచ్చం ఇదే. అక్కడా బట్టమేక కోసమే కట్టారు, జింకలు పెరిగాయి, జనం తిరగబడ్డారు, 1990లలో పక్షి మాయమైంది. ఆ పాఠం కళ్లముందే ఉన్నా ఇక్కడ ఒంటబట్టలేదు.

ఆ తర్వాత నీళ్లొచ్చాయి.

ఇక్కడే నా కలం ఆగుతుంది. విషాద గాథకు ఒక దుర్మార్గుడుండాలి, వాడి మీద కోపం తెచ్చుకుంటే ఏడుపు తేలికవుతుంది. ఈ కథలో దుర్మార్గుడు ఎవరని చూపించను? ధాత కరువు ఈ సీమ నెత్తిన కూచుని నూట యాభై ఏళ్లయింది. 1876 నుంచి మూడేళ్లు మనుషులు పిట్టల్లా రాలిపోయిన నేల ఇది. కర్నూలు నుంచి కడప దాకా పారే కె.సి. కాలువను 1860లలో తవ్వించిన కంపెనీ నష్టాల్లో పడి సర్కారుకు అప్పగించింది గానీ, ఆ కాలువలో ఒక తడికోసం ఎన్ని తరాలు కళ్లు కాయలు కాసుకున్నాయో మాకు తెలుసు. శ్రీశైలం కుడికాలువ వచ్చింది. అలగనూరు జలాశయం వచ్చింది. బట్టమేకలు తిరిగిన గడ్డిబీళ్లు కొన్ని దాని కింద మునిగాయి. బోర్లు దిగాయి. వానకోసం ఆకాశం చూసిన రైతు మొదటిసారి తల దించి మడవ వైపు చూశాడు. ఊళ్లలో పండగ చేసుకున్నారు. చేసుకోవాలి కూడా.

తడి తగిలిన నేలలో కొర్ర ఎవరు వేస్తారు? పత్తి వేశారు, మిరప వేశారు, మొక్కజొన్న వేశారు. పత్తికి మందు కొట్టాలి. మందు కొడితే మిడత చస్తుంది. మిడత లేని చేలో బట్టమేకకు పనిలేదు. ఏడాదికి ఒక పంట తీసి మిగతా నెలలు ఖాళీగా ఉండే నేల, ఏడాదంతా మనిషి అలికిడితో నిండింది. పొలానికి కరెంటు కావాలి కాబట్టి తీగలొచ్చాయి. బట్టమేకకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. పక్కలనుంచి వచ్చే నక్కను చూస్తుంది గానీ ఎదురుగా ఉన్న సన్నటి తీగను చూడలేదు. చూసినా అంత బరువుతో అప్పటికప్పుడు మలుపు తిరగలేదు. రాజస్థాన్‌లో ఇప్పటికీ ఎక్కువ చంపుతున్నది ఆ తీగలే. దాని మీద సుప్రీంకోర్టు 2021లో ఒక తీర్పిచ్చి, సౌరవిద్యుత్తు కూడా దేశానికి కావాలి కదా అని 2024లో దాన్ని సవరించింది. మన దగ్గర ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల ఊళ్ల నేలల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అక్కడా మెరిసేది ఒకప్పటి బీడే. బీడును మన రికార్డుల్లో పనికిరాని భూమి అని రాస్తారు. ఎవరికి పనికిరానిదో రాయరు.

బట్టమేక మా కరువుతో పాటు పెరిగిన పక్షి. కరువు తగ్గేకొద్దీ అదీ తగ్గింది. ఏటికేడు కనిపించే పక్షుల లెక్క పదుల నుంచి వేళ్లకొచ్చింది, వేళ్ల నుంచి 'ఫలానావాళ్లు చూశారట' అనే మాటకొచ్చింది, ఆ మాట కూడా ఆగిపోయింది. 2011లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని అంతరించడానికి చివరి మెట్టు మీద ఉన్నదిగా ప్రకటించింది. ఇప్పుడు దేశంలో స్వేచ్ఛగా తిరిగేవి నూట యాభై లోపే, దాదాపు అన్నీ జైసల్మేరు ఇసుకలో.

కడప జిల్లా కథ కాస్త వేరు. అక్కడి కలివికోడి 1900 తర్వాత ఎవరి కంటా పడక పోయిందనుకుంటే, 1986లో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లి చిట్టడవిలో మళ్లీ దొరికింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మళ్లించారు. తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేదు. 2025 ఆగస్టులో దాని గొంతు వినిపించిందని తెలిసినప్పుడు పక్షులతో సంబంధం లేనివాళ్లు కూడా నాకు ఫోన్ చేశారు. కలివికోడి చిన్న పిట్ట, రాత్రిపూట పొదల్లో తిరుగుతుంది. అది దాక్కోగలదు. మీటరు ఎత్తు బట్టమేక ఎక్కడ దాక్కుంటుంది?

మళ్లీ మా ప్రయాణానికొస్తే, అటవీశాఖ అనుమతి తీసుకుని తెల్లవారి ఆరింటికే రోళ్లపాడుకు బయలుదేరాం. అక్కడ నీడ తక్కువ, కొట్టు ఉండదు. నీళ్లు, అరటిపళ్లు, పిల్లలకు కారం లేకుండా వేరే డబ్బాలో ఉగ్గాని, ఎండ టోపీలు, రెండు జతల బట్టలు పెట్టుకున్నాం. పిల్లల బండి తెచ్చుకోవద్దని బిడ్డకు ముందే చెప్పాను, గరుకు నేలలో దాని చక్రాలు తిరగవు. దిగడం దిగడమే వాళ్లు పరుగు అందుకున్నారు. గడ్డి వాళ్ల నడుముదాకా ఉంది. దూరంగా జింకల గుంపు ఒక్కసారి గాల్లోకి ఎగిరేసరికి పెద్దోడు ఊపిరి బిగపట్టి, తర్వాత తనూ ఎగరడం మొదలుపెట్టాడు. చలికాలం కాబట్టి పిల్లిగద్దలున్నాయి. ఎక్కడో మధ్య ఆసియా నుంచి వచ్చి ఈ గడ్డిలో రాత్రిళ్లు పడుకుంటాయి. వాటికి పేరున్న చోటే ఇది. రెక్కలు కదపకుండా గడ్డి మీద తేలుతుంటే చిన్నోడు వేలెత్తి "విమానం" అన్నాడు. సరే, విమానమే.

పిల్లల మటుకు ఆ పూట లోటేమీ లేదు. లోటు తెలిసింది నాకొక్కడికే. లేనిదేమిటో వాళ్లకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. బట్టమేకను చూడకుండా పెరిగే మొదటి తరం కాదు వాళ్లు. బిడ్డ కూడా చూడలేదు.

"రాజస్థాన్‌లో పొదిగిస్తున్నారు కదా నాయనా, ఆ పిల్లల్ని ఇక్కడ వదలరా?" అని అడిగింది. పొదిగిస్తున్నారు, నిజమే. 2019 నుంచి గుడ్లు సేకరించి యంత్రాల్లో పిల్లల్ని చేస్తున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుట్టింది. పుట్టించడం చేతనైంది. వదిలేకి నేల కావాలి. అభయారణ్యం గట్టు దగ్గర గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన మా మాటలు వింటూ నిలబడ్డాడు. ఆయనకు నాలుగెకరాలు పత్తి కూడా ఉంది.

"నువ్వు చూసినావా పెద్దాయనా?" అన్నాను.

"సిన్నప్పుడు చూసినా సార్. మా నాయన శానా చూసినాడు. పొద్దున్నే మా కొర్రచేలోకి దిగేవి."

"మళ్లీ తెచ్చి వదిలితే ఉంటాయంటావా?"

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి చేల వైపు ఒకసారి చూశాడు.

"ఉండాలంటే మేం మళ్లా కొర్ర ఏయాల. ఏస్తాం సార్, దానికేముంది. పత్తి రేటుకు ఎవురన్నా కొంటామంటే చెప్పండి."