ఎవరి పత్రిక?

2019 డిసెంబరులో ప్రాజెక్టు పని మీద డాలస్‌లో ఉన్నాను. నా రూమ్మేట్‌ది గుంటూరు, మూడు తరాలుగా లూథరన్ కుటుంబం. క్రిస్మస్‌కి వారం ముందు ఒక రాత్రి వాడు లాప్‌టాప్ నా వైపు తిప్పి, “ఇది ఓపెన్ అవట్లేదు, నీ ఫోన్లో వస్తోందేమో చూడరా” అన్నాడు. నా ఫోన్లోనూ రాలేదు. జనం ఎగబడటంతో సైటు పడిపోయింది. సేల్ రోజున షాపింగ్ సైట్లు పడిపోవడం తెలుసుగానీ, ఒక మతపత్రిక సంపాదకీయం చదవడానికి జనం తోసుకురావడం నేను అప్పుడే చూశాను.

ఆ పత్రిక క్రిస్టియానిటీ టుడే. డొనాల్డ్ ట్రంప్‌ని ప్రతినిధుల సభ అభిశంసించిన మర్నాడు, డిసెంబరు 19న, అతన్ని పదవి నుంచి తొలగించాలని సంపాదకుడు మార్క్ గాలి రాశాడు. ఇందులో వింతేముందని నేను అడిగాను. ట్రంప్‌ని తిట్టే పత్రికలకు అమెరికాలో కొదవా? మావాడు ఓపిగ్గా చెప్పాడు: “2016లో తెల్ల ఇవాంజెలికల్స్ పదిమందిలో ఎనిమిదిమంది ఆయనకే ఓటేశారు. ఇది వాళ్ళ పత్రిక. బిల్లీ గ్రాహం పెట్టిన పత్రిక.”

నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. కానీ తన పాఠకులకే ఎదురు చెప్పే పత్రిక అంటే ఆసక్తి. ఆ చలికాలమంతా దాని పాత చరిత్ర తవ్వుకుంటూ కూచున్నాను.

ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, లేచి కూచుని ఈ పత్రిక ప్రణాళిక రాసుకున్నానని గ్రాహం చెప్పేవాడు. అప్పటికి అమెరికన్ ప్రొటెస్టెంట్లలో మేధావుల పత్రిక అంటే క్రిస్టియన్ సెంచరీ. అది ఉదారవాదులది. బైబిల్‌ని అక్షరాలా నమ్మేవాళ్ళంటే చదువురాని పల్లెటూరి జనం అనే చిన్నచూపు ఉండేది. దానికి జవాబుగా, చదువుకున్న పాస్టరు బల్ల మీద పెట్టుకోదగ్గ పత్రిక కావాలన్నది గ్రాహం ఆలోచన. మొదటి సంచిక 1956 అక్టోబరు 15న వచ్చింది. ఆఫీసు వాషింగ్టన్‌లో, వైట్‌హౌస్‌కి దగ్గర్లోనే. తమ మాట రాజధాని నుంచి వినబడాలని ఆయన కోరిక.

అదే ఏడాది మొదట్లో గ్రాహం మద్రాసు వచ్చి పెద్ద పెద్ద సభలు పెట్టాడు. 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరానికీ వచ్చాడు. ఇళ్ళు కట్టుకోవడానికి ఆయన సంస్థ డబ్బిచ్చింది. మా రూమ్మేట్ వాళ్ళ నాయనమ్మ ఆయన్ని ‘గ్రాహం గారు’ అనే అనేదట, ఊళ్ళో పెద్దమనిషి గురించి చెప్పినట్టు.

సరే, పత్రిక నడవాలంటే డబ్బు కావాలి. దాదాపు రెండు లక్షల మంది పాస్టర్లకు ఉచితంగా పంపించారు. ఆ డబ్బులో పెద్ద వాటా సన్ ఆయిల్ కంపెనీకి చెందిన జె. హోవర్డ్ ప్యూది. రూజ్‌వెల్ట్ సంక్షేమ పథకాలంటే ఒంటికాలి మీద లేచే మనిషి. చర్చి ఆత్మల సంగతి చూసుకోవాలి, ఆర్థిక వ్యవహారాల్లో తలదూర్చకూడదు అనేవాడు. గ్రాహం మామగారు నెల్సన్ బెల్ పత్రికలో మరో స్తంభం. చైనాలో పాతికేళ్ళు సర్జన్‌గా పనిచేసి వచ్చినవాడు. నల్లవాళ్ళని, తెల్లవాళ్ళని చట్టంతో బలవంతంగా కలపడం సరికాదనేవాడు.

వీళ్ళిద్దరి మధ్యా మొదటి సంపాదకుడు కార్ల్ హెన్రీ. ఆయన 1947లోనే ఒక పుస్తకం రాశాడు. మన ఛాందస క్రైస్తవులు సామాజిక అన్యాయాల గురించి నోరెత్తరేం అని అందులో సొంతవాళ్ళనే నిలదీశాడు. అలాంటి మనిషికి ప్యూ డబ్బుతో పత్రిక నడపాల్సి వచ్చింది. పడలేదు. 1968లో హెన్రీ వెళ్ళిపోయాడు, హెరాల్డ్ లిండ్సెల్ వచ్చాడు.

ఆ పన్నెండేళ్ళలో అమెరికాని కుదిపేసింది పౌరహక్కుల ఉద్యమం. మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి 1963లో ఉత్తరం రాశాడు. ఒక బాప్టిస్టు పాస్టరు తోటి పాస్టర్లకు రాసిన ఉత్తరం అది. అది అచ్చయింది క్రిస్టియన్ సెంచరీలో. ఏ పత్రికకు జవాబుగా తాము పుట్టారో, దాంట్లో. హెన్రీ పత్రిక జాతి వివక్ష తప్పు అంటూనే, ఉద్యమం దగ్గరికి వచ్చేసరికి దూరం పాటించింది. మనుషుల మనసులు మారితే చాలు, చట్టాలతో పనేముంది అన్న ధోరణి. కులం గురించి మన పత్రికల్లో ఇలాంటి మాటలు ఎన్ని చదవలేదూ! ఆ రోజుల సంచికల గురించి చదువుతుంటే నాకు ఆ భాష కొత్తగా అనిపించలేదు.

పాత సంచికల్లో ఇంకో సంగతి కనబడింది. 1968 నవంబరులో గర్భనిరోధం, గర్భస్రావాల మీద ఒక సంచిక వేశారు. అందులో రాసిన వేదాంతులు గర్భస్రావం అన్ని సందర్భాల్లోనూ పాపమే అని తేల్చి చెప్పలేదు. ఇప్పుడు అమెరికన్ ఇవాంజెలికల్ ఓటుని నిర్ణయించే పెద్ద ప్రశ్నల్లో అదొకటి. ఇది మావాడికి చెబితే నమ్మలేదు. “మేం ఎప్పుడూ ఇలాగే అనుకున్నాం అనుకున్నానే,” అన్నాడు. ఉద్యమాలు తమ పాత మాటలు మర్చిపోతాయి, బైండు చేసిన పత్రికలు మర్చిపోవు.

1977లో ఆఫీసు షికాగో దగ్గర కారొల్ స్ట్రీమ్‌కి మారింది. రాజధాని వదిలి శివారుకి వచ్చారన్నమాట. 1998లో క్లింటన్ అబద్ధాల మీద, పరిపాలించే నైతిక అర్హత పోయిందని గట్టిగా రాశారు. 2019 సంపాదకీయం చేసిన పని చాలా చిన్నది. ఆ పాత మాటలే తీసుకుని, ఇవి ఈయనకీ వర్తిస్తాయి కదా అంది. ట్రంప్ దాన్ని అతివాద వామపక్ష పత్రిక అన్నాడు. మా నాన్న ట్రంప్‌కే ఓటేశాడని గ్రాహం కొడుకు ఫ్రాంక్లిన్ ప్రకటించాడు. దాదాపు రెండొందల మంది నాయకులు ఖండిస్తూ సంతకాలు చేశారు.

దాని వల్ల ఓట్లు మారాయా అంటే, 2020లోనూ ఆ వర్గం పెద్దగా కదల్లేదు. నేనది చూపించి “ఏం సాధించినట్టు?” అన్నాను. మావాడు జవాబు చెప్పలేదు.

జవాబు ఇంకో వైపు నుంచి వచ్చింది. మావాడికి కాలేజీ రోజుల నుంచీ రవి జకరయస్ ప్రసంగాలంటే ప్రాణం. మద్రాసులో పుట్టి, ప్రపంచమంతా తిరిగి, నాస్తికులతో ఇంగ్లీషులో వాదించి నెగ్గే మనిషి. మనలాంటివాడు అక్కడ నిలబడి మాట్లాడుతున్నాడన్న గర్వం. 2020 మేలో ఆయన చనిపోతే వాడు ఆ రోజు పనిలోకి రాలేదు. సెప్టెంబరులో ఆయన మీద లైంగిక వేధింపుల ఆరోపణలు బయటపెట్టింది క్రిస్టియానిటీ టుడేనే. మొదట కొట్టిపారేసిన ఆయన సంస్థే, లాయర్లతో విచారణ చేయించి, 2021 ఫిబ్రవరిలో నిజమేనని ఒప్పుకుంది.

అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. వాడు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బయటివాళ్ళెవరైనా రాసుంటే నేను చదివేవాణ్ణే కాదురా. మావాళ్ళు రాశారు కాబట్టి చదవాల్సి వచ్చింది,” అన్నాడు.

2022 మార్చిలో పత్రిక తన ఆఫీసులోనే ఏళ్ళ తరబడి జరిగిన లైంగిక వేధింపుల ఫిర్యాదుల గురించి, పైవాళ్ళు వాటిని పట్టించుకోని తీరు గురించి సొంత రిపోర్టరు చేత రాయించి, తానే అచ్చేసుకుంది. మా ఉద్యోగాల్లో సర్వర్ పడిపోతే ఏం తప్పు జరిగిందో రాసి పెట్టుకుంటాం. అది కూడా బయటికి పంపేముందు పదిమంది చేతుల్లో పడి మెత్తబడుతుంది. అందుకే ఆ వార్త చదివినప్పుడు నాకు కాస్త అసూయ వేసింది.

దీన్ని వీరగాథ చేయను. ఆ ఫిర్యాదులు చేసిన ఆడవాళ్ళు ఏళ్ళపాటు చెబుతూనే ఉన్నారు. కింగ్ ఉత్తరం వాళ్ళ పత్రికలో ఎప్పటికీ లేదు. ప్యూ బతికుండగా 2019 లాంటి సంపాదకీయం వచ్చేదా అంటే నాకు అనుమానమే. డబ్బిచ్చేవాడికి ఎదురు చెప్పడానికీ, చదివేవాడికి ఎదురు చెప్పడానికీ, తనని తాను తప్పుపట్టుకోవడానికీ ఆ పత్రికకి అరవై ఏళ్ళకు పైనే పట్టింది.

మావాడు ఇంకా డాలస్‌లోనే ఉన్నాడు. జకరయస్ పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాడట. పారేయడానికి చేతులు రాలేదన్నాడు. పత్రిక చందా మాత్రం ఈ ఏడూ కట్టాడు.