నూట ఇరవై ఇటుకల రగడ

1976 ఫిబ్రవరిలో లండన్ పత్రికలకు తిట్టిపోయడానికి ఒక ఇటుకల పేర్పు దొరికింది. టేట్ గ్యాలరీ 1972లో కొన్న ‘ఈక్వివలెంట్ 8’ అనే శిల్పం అది. కొలిమి లోగోడలకు వాడే ఫైర్ బ్రిక్స్ 120 తెచ్చి, నేల మీద రెండు వరసల ఎత్తున పేర్చారు. సిమెంటు లేదు, సున్నం లేదు, ఉలి తగిలిన జాడ లేదు. దాని ఖరీదు 2,297 పౌండ్లని బయటికి రాగానే ‘డైలీ మిర్రర్’ ఫొటోతో సహా మొదటి పేజీకెక్కించి, చెత్త అని తేల్చేసింది. బ్రిటన్‌లో ధరలు మండిపోతున్న రోజులవి. అదే ఏడాది ప్రభుత్వం అప్పు కోసం ఐఎంఎఫ్ గడప తొక్కింది. అలాంటప్పుడు జనం సొమ్ము ఇటుకల పాలైందంటే ఒళ్లు మండదా? ఒక సందర్శకుడైతే ఏకంగా ఇటుకల మీద నీలిరంగు కుమ్మరించాడు.

వాటిని పేర్చిన కార్ల్ ఆండ్రే 1935లో అమెరికాలోని మాసాచుసెట్స్ రాష్ట్రం క్విన్సీలో పుట్టాడు. గ్రానైట్ క్వారీలకు, ఓడల తయారీకి పేరుపడ్డ ఊరది. తాత తాపీ మేస్త్రీ. 1960 నుంచి నాలుగేళ్లు ఆండ్రే పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో గూడ్సు బళ్ల బ్రేక్‌మన్‌గా పనిచేశాడు. ఒకే తీరు వ్యాగన్లను తగిలించడం, విడదీయడం అక్కడి నిత్యకృత్యం. శిల్పంలోనూ అదే పద్ధతి పట్టాడు. చెక్కడం, అతకడం మానేసి, ఫ్యాక్టరీ సరుకును వచ్చింది వచ్చినట్టే పక్కపక్కన పెట్టాడు. అదే కాలంలో న్యూయార్క్‌లో డొనాల్డ్ జడ్ లోహపు రేకులతో పెట్టెలు చేయించేవాడు, డాన్ ఫ్లావిన్ దుకాణంలో దొరికే ట్యూబులైట్లనే గోడకు బిగించేవాడు. వీళ్ల ధోరణికే మినిమలిజం అని పేరొచ్చింది.

1965లో న్యూహాంప్‌షైర్‌లో ఒక సరస్సులో పడవ నడుపుతుండగా, శిల్పం నీటి మట్టంలా నేలబారుగా ఉండాలని ఆండ్రేకు తోచింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని టిబర్ డి నాగీ గ్యాలరీలో ఎనిమిది పేర్పులు పెట్టాడు. వాటి వెనకున్నది ఎక్కాల లెక్క. వరసకు 60 ఇటుకలు. మూడు ఇరవైలు, నాలుగు పదిహేనులు, ఐదు పన్నెండులు, ఆరు పదులు అరవయ్యే కదా. ఇటుకను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పితే నాలుగు లెక్కలూ ఎనిమిది ఆకారాలవుతాయి. ఎత్తు, బరువు, పరిమాణం మాత్రం అన్నిటికీ ఒకటే. టేట్‌కు చేరిన ఎనిమిదోది ఆరు పదుల పేర్పు.

అసలు తమాషా ఇంకోటుంది. ప్రదర్శనలో కొనేవాళ్లు లేక, అప్పుడు వాడిన ఇసుక-సున్నం ఇటుకలను ఆండ్రే తిరిగిచ్చేశాడు. టేట్ అడిగేనాటికి వాటిని తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడింది. వాటికి బదులు ఫైర్ బ్రిక్స్ తెచ్చి అదే శిల్పం మళ్లీ పేర్చాడు. సరుకు మారినా శిల్పం మారలేదంటే, టేట్ డబ్బిచ్చింది ఆ అమరికకే. ఈ మాత్రం ఏ మేస్త్రీ అయినా పేర్చలేడా అని అప్పట్లో అంతా నిలదీశారు. నిక్షేపంగా పేరుస్తాడు. చేతి పనితనాన్ని పక్కనబెట్టాక కూడా శిల్పం మిగులుతుందా అన్నదే ఆండ్రే వేసిన ప్రశ్న. 2024 జనవరిలో 88 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. రంగు కడిగించుకున్న ఇటుకలు టేట్ సొత్తుగానే ఉన్నాయి, వాటి మీద వాదనా తెగలేదు.