పంతులుగారి పట్టికలో లేని పుస్తకం

1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన కందుకూరి వీరేశలింగం, ఆడపిల్లలు చదవడానికి 'సత్యవతీ చరిత్రము' వంటి పుస్తకాలు తానే రాసిచ్చారు. ఆయనే 'ఆంధ్ర కవుల చరిత్రము'లో, తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో స్త్రీలు వినకూడనివి ఉన్నాయన్నారు. చదువు చెప్పిన చెయ్యే గీతా గీసింది.

బెంగుళూరు నాగరత్నమ్మ ఆ గీత దాటారు. ప్రతి సంపాదించి 1910లో అచ్చు వేయించారు. పంతులుగారు స్వయంగా సరిచూసి ఆమోదించిన 'వైజయంతీ విలాసము'లోని శృంగారం మాటేమిటని నిలదీశారు. 1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. నిషేధం తొలగింది 1947లో, టంగుటూరి ప్రకాశం హయాంలో.

ఇవాళ విద్యార్థినులకు పుస్తకాలు సూచించే మనం ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివించాలి. మన పట్టికలోంచి ఏవి, ఎందుకు జారిపోయాయో అడిగే హక్కు కూడా వాళ్లకివ్వాలి.