ఒక్క తూటా తుపాకి

వరసగా ఐదారు తూటాలు పేల్చే తుపాకులు దొరుకుతుండగా, ఒకసారి పేల్చాక మళ్లీ చేత్తో తూటా పెట్టుకోవలసిన రైఫిల్‌ను ఎవరైనా ఎందుకు కొంటారు? కాని అమెరికా, ఐరోపాలలో కొనేవారు నేటికీ ఉన్నారు. కారణం తెలియాలంటే దాని నిర్మాణం చూడాలి.

పూర్వం మందునూ గుండునూ గొట్టం మూతిలోంచి దట్టించేవారు. 1848లో అమెరికాకు చెందిన క్రిస్టియన్ షార్ప్స్ వేరొక పద్ధతికి పేటెంటు పొందాడు. ట్రిగ్గర్ కింది మీటను ముందుకు తోస్తే గొట్టం వెనుక ఉన్న ఉక్కు దిమ్మ కిందికి జారుతుంది. తూటా పెట్టి మీటను వెనక్కి లాగితే దిమ్మ లేచి గొట్టాన్ని గట్టిగా మూస్తుంది. 1872లో స్కాట్లాండుకు చెందిన జాన్ ఫార్కర్సన్, సుత్తి బయటికి కనిపించని ఇలాంటి రైఫిల్‌కు పేటెంటు తీసుకున్నాడు.

ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. మేగజైన్ రైఫిల్‌లో గొళ్లెం వెనక్కి జరగడానికి చోటు కావాలి. ఇక్కడ దిమ్మ కిందికే జారుతుంది కనుక ఆ చోటు మిగులుతుంది. తుపాకి మొత్తం పొడవు పెరగకుండానే గొట్టాన్ని పొడవుగా చేయవచ్చు. గొట్టం పొడవైతే మందు వాయువులు గుండును మరికొంతసేపు నెడతాయి. దాని వేగం పెరుగుతుంది.

1898 నాటి మౌజర్ వంటి మేగజైన్ రైఫిళ్లు వచ్చాక ఇవి వెనకబడ్డాయి. 1967లో విలియం రూగర్ సంస్థ ఫార్కర్సన్ నమూనా స్ఫూర్తితో కొత్త రైఫిల్‌ను అమ్మకానికి తెచ్చింది. దాన్ని మెచ్చినవారు చెప్పే మాట ఒకటే: రెండో తూటా వెంటనే అందదు కనుక వేటగాడు దగ్గరికి వెళతాడు, ఓపిక పడతాడు, గురి కుదిరితేనే పేలుస్తాడు. జంతువును గాయపరచి వదిలే ప్రమాదం తగ్గుతుంది.

ఈ వాదనలో నిజం లేకపోలేదు. కాని చరిత్ర మరో సంగతీ చెబుతోంది. 1870 దశకంలో అమెరికా మైదానాల్లో బైసన్ అనే అడవిదున్నల మందలను తుడిచిపెట్టినవాటిలో ఒక్క తూటా షార్ప్స్ రైఫిళ్లు ముఖ్యమైనవి. వేటగాడు దూరంగా పడుకుని కాల్చేవాడు. ఒకటి కూలినా మిగిలినవి చాలాసార్లు పారిపోక అక్కడే తచ్చాడేవి. తూటా వెనుక తూటా పెట్టుకుంటూ ఒక్కచోటి నుంచే పదులకొద్దీ చంపేవారు. తోళ్లకు గిరాకీ ఉంది, వాటిని చేరవేసే రైళ్లున్నాయి. ఒకప్పుడు కోట్లలో ఉన్న ఆ జంతువులు 1889 నాటికి సుమారు వెయ్యి మాత్రమే మిగిలాయని విలియం హోర్నడే లెక్క తేల్చాడు.

ఆ మిగిలినవాటిని కాపాడింది తుపాకి నిర్మాణం కాదు. యెలోస్టోన్ ఉద్యానవనంలో జంతువులను చంపితే శిక్ష తప్పదని 1894లో చట్టం వచ్చింది. మనదేశంలోనూ పులులను వేటగాళ్ల నిగ్రహానికి వదిలేయలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చేయవలసి వచ్చింది. ఒక్క తూటా తుపాకి ఓపికను నేర్పవచ్చు. ఎన్నిసార్లు తూటా నింపాలో మాత్రం అది చెప్పదు.