హైదరాబాదులో క్లోరోఫాం తగవు

క్లోరోఫాం ముందుగా ఆపేది ఊపిరినా, గుండెనా? 1847లో ఎడింబరోలో సింప్సన్ ఆ మందును వాడుకలోకి తెచ్చిన కొద్ది నెలలకే, 1848 జనవరిలో, కాలిగోరు తీయించుకోవడానికి కూర్చున్న హనా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక మత్తులోనే మరణించింది. అప్పటినుంచి వైద్యులు రెండు పక్షాలయ్యారు. లండన్ వారు నాడి పట్టి చూడమన్నారు. ఎడింబరో వారు ఊపిరిని కనిపెట్టమన్నారు.

ఎడింబరో సర్జన్ సైమ్‌కు శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ, హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉంటూ ఈ తగవును నిజాం రాజధానికి తెచ్చాడు. 1888లో మొదటి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను 1889లో రప్పించాడు. గుండెకే ముప్పని తలచి వచ్చిన బ్రంటన్, వందలాది జంతువులపై పరీక్షల అనంతరం లారీ పక్షానికే మొగ్గాడు.

ఊపిరిని కనిపెట్టమన్న బోధ మేలైనదే. గుండెను గురించి బెంగ అక్కరలేదన్న ధీమాయే చేటు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై దాన్ని రుజువు చేశాడు: మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే, గుండె గదులు లయ తప్పి అదిరి నిలిచిపోతాయి. బెదిరిన మనిషి ఒంట్లో అడ్రినలిన్‌కు కొదవేముంది? హైదరాబాదులో చాలా జంతువులకు ప్రాణం పోయేదాకా క్లోరోఫాం పట్టించారు. హనా ముఖం ముందు పట్టిన గుడ్డపై పోసింది ఒక టీస్పూనెడు.