వకీలు నిలబెట్టిన విశ్వవిద్యాలయం

లా చదువుతానంటున్నావు కాబట్టి కలకత్తా అశుతోష్ ముఖర్జీ గారి సంగతి నీకు చెప్పి తీరాలి నాయనా. నేనాయన్ని చూసినవాణ్ణి కాను. వాల్తేరులో చదివిన మా మాస్టారు చెబితే విన్నవి కొన్ని, ఆ తర్వాత వెతుక్కుని చదివినవి కొన్ని.

1864లో పుట్టారాయన. ప్రాణమంతా లెక్కల మీదే. కాని ఆ రోజుల్లో కలకత్తా విశ్వవిద్యాలయమంటే పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే ఆఫీసు. పరిశోధన చేసుకుంటూ బతుకుదామంటే చోటేదీ? అందుకని వకాలతు పట్టారు. 1904లో హైకోర్టు జడ్జీ, 1906లో వైస్ చాన్సలర్. జడ్జీగిరీ మానలేదు, పగలు కోర్టు, మిగతా పొద్దంతా యూనివర్సిటీ. ఆ రెండో కొలువుకు జీతం లేదురా!

తనకు దొరకని చోటు తర్వాతి పిల్లలకైనా దొరకాలని పట్టుబట్టారు. సర్కారు చెయ్యి విదల్చకపోతే సాటి లాయర్లను కదిలించారు. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ ఇద్దరూ కోర్టులో గడించిన లక్షలు తెచ్చి యూనివర్సిటీ చేతిలో పోశారు. 1914లో సైన్సు కాలేజీకి పునాదిరాయి పడింది. ఆ రాళ్లలో సగం లాయర్ల ఫీజులే అనేవారు మా మాస్టారు.

ఇక మనుషుల్ని ఎంచుకోవడం చూడు. రామన్ గారు చిన్నప్పుడు మన విశాఖపట్నంలో బడికెళ్లినాయనే. కలకత్తాలో సర్కారు లెక్కల ఖాతాలో పెద్ద ఉద్యోగం, సాయంత్రమైతే బౌబజారు ప్రయోగశాల. ఆయన్ని పాలిత్ విరాళంతో పెట్టిన ప్రొఫెసరు పదవికి రమ్మన్నారు అశుతోష్. విదేశంలో తర్ఫీదు పొంది ఉండాలని ఆ పదవికి షరతు. రామన్ ససేమిరా వెళ్లనన్నారు. ఇంకొకరైతే ఇంకో మనిషిని చూసుకునేవారు. ఈయన షరతునే సడలింపజేశారు! దస్తావేజు చదవడం వచ్చిన మనిషి కదా, అది దేనికోసం రాశారో ఆయనకు తెలుసు. జీతం బాగా తగ్గుతుందని తెలిసీ రామన్ 1917లో వచ్చి చేరారు.

1921లో మైసూరు నుంచి మన రాధాకృష్ణన్ గారిని తత్వశాస్త్రానికి పిలిపించిందీ ఆయనే.

1923లో గవర్నరు లిట్టన్ ఇంకోమారు వైస్ చాన్సలర్ పదవి ఇస్తాను గాని సర్కారుకు అడ్డు రాకూడదన్నాడు. అశుతోష్ గారు ఘాటుగా జాబు రాసి కాదు పొమ్మన్నారు. జడ్జీగా రిటైరై మళ్లీ వాదనకు దిగారు. డుమ్రావ్ జమీ కేసు కోసం పాట్నా వెళ్లి, 1924 మేలో అక్కడే పోయారు. అరవై కూడా నిండలేదు. రామన్‌కు నోబెల్ రావడం చూడలేదే అని నాకిప్పటికీ దిగులు.

1931లో రాధాకృష్ణన్ గారు వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పగ్గాలు పట్టారు. అశుతోష్ గారిలాగే ఈయనా ప్రాంతం చూడకుండా ప్రతిభ ఉన్న కుర్రాళ్లను ఏరి తెచ్చారు. బెంగాలు నుంచి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ అలా వచ్చినవాళ్లే. ఆ వాల్తేరులోనే కదా మా మాస్టారు చదివింది.