నయా థియేటర్: రాయ్‌పూర్ నాచా కళాకారులు మార్చిన ఆధునిక నాటకం

ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులతో ఆధునిక భారతీయ నాటకానికి కొత్త రూపమిచ్చిన సంస్థ నయా థియేటర్. దర్శకుడు హబీబ్ తన్వీర్, ఆయన భార్య మోనికా మిశ్రా 1959లో దీన్ని ప్రారంభించారు. 1973లో రాయ్‌పూర్‌లో జరిగిన ఒక కార్యశాలతో ఈ సంస్థ దారి స్పష్టమైంది.

రాయ్‌పూర్ నుంచి లండన్‌కు

తన్వీర్ 1923 సెప్టెంబరు 1న రాయ్‌పూర్‌లో పుట్టారు. 1940లలో బొంబాయిలో ఇప్టాలో పనిచేశారు. తెలుగునాట ప్రజానాట్యమండలి కూడా ఆ ఉద్యమంలో భాగమే. 1954లో ఢిల్లీలో నజీర్ అక్బరాబాదీ కవిత్వం ఆధారంగా 'ఆగ్రా బజార్' ప్రదర్శించారు. మరుసటి ఏడాది లండన్‌లోని రాడాలో చదవడానికి వెళ్లారు. తర్వాత బెర్లిన్‌లో బ్రెష్ట్ నాటకాలు చూశారు. పరాయి పద్ధతులను అనుకరిస్తే మన నాటకం నిలబడదన్న అభిప్రాయంతో స్వదేశానికి తిరిగొచ్చారు.

నాచా అంటే?

నాచా ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా సాగే ప్రదర్శన. పాట, నృత్యం, హాస్య ఘట్టాలు కలగలిసి ఉంటాయి. హాస్యగాణ్ని జోక్కర్ అంటారు. స్త్రీ పాత్రలను సంప్రదాయంగా పురుషులే వేస్తారు. రాసిపెట్టుకున్న సంభాషణలుండవు. కథ చట్రం మాత్రమే ఉంటుంది, మిగతాది నటులే అప్పటికప్పుడు అల్లుకుంటారు. మన వీధినాటకాలు, పగటివేషాలు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

భాష దగ్గరే చిక్కు

1958లో 'మృచ్ఛకటికం' హిందీ రూపం కోసం తన్వీర్ ఆరుగురు ఛత్తీస్‌గఢీ కళాకారులను ఢిల్లీ తీసుకెళ్లారు. సొంత ఊళ్లో జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టగల ఆ నటులు హిందీ సంభాషణల దగ్గర తడబడ్డారు. ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో ముందే గీసిచ్చే పద్ధతి కూడా వారికి అడ్డే అయింది. లోపం నటుల్లో లేదు, తన పద్ధతిలోనే ఉందని గ్రహించడానికి దర్శకుడికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ మార్పు ఫలితం 1973 రాయ్‌పూర్ కార్యశాలలో కనిపించింది. నాచా కళాకారులు తమకు తెలిసిన హాస్య కథలను ఛత్తీస్‌గఢీలోనే ఆడుతుంటే, వాటిని కలిపి 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్' తయారుచేశారు. ఢిల్లీ ప్రేక్షకులకు ఆ యాస పూర్తిగా అర్థం కాకపోయినా నాటకం నచ్చింది.

చరణ్‌దాస్ చోర్

1975లో వచ్చిన 'చరణ్‌దాస్ చోర్' సంస్థకు పేరు తెచ్చింది. రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా చెప్పిన జానపద కథ దీనికి ఆధారం. అబద్ధమాడనని గురువుకు మాటిచ్చిన దొంగ, ఆ మాటకు కట్టుబడి ప్రాణం పోగొట్టుకుంటాడు. సత్నామీ సమాజానికి చెందిన పంథీ పాట, నృత్యం ఈ నాటకానికి ప్రాణం. రాణిగా ఫిదా బాయి నటించారు. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో దీనికి ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి వచ్చింది. చరణ్‌దాస్‌గా ఏళ్ల తరబడి నటించిన గోవింద్‌రామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ దక్కింది.

దాడులు, నిషేధం

అంటరానితనాన్ని ఎగతాళి చేసే 'పోంగా పండిత్' తన్వీర్ రాసింది కాదు, నాచా కళాకారులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆడుతున్న నాటకం. అయినా బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాతి వాతావరణంలో హిందుత్వ బృందాలు దీన్ని అడ్డుకున్నాయి. 2003లో మధ్యప్రదేశ్‌లో మళ్లీ దాడులు జరిగాయి. పల్లెలో నవ్వుతూ చూసిన కథ, దర్శకుడు ముస్లిం కావడంతో మతవివాదమైంది.

తన్వీర్ 2009 జూన్ 8న భోపాల్‌లో మరణించారు. రెండు నెలలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'చరణ్‌దాస్ చోర్'పై నిషేధం విధించింది. తమ సమాజాన్ని కించపరిచేలా ఉందన్న సత్నామీ మతపెద్దల అభ్యంతరం ఇందుకు కారణం. అణచివేతను ఎదుర్కొన్న సమాజం తన గౌరవం గురించి పట్టించుకోవడం సహజమే. కానీ ఆ సమాజపు పంథీని దేశవిదేశాలకు వినిపించింది కూడా ఈ నాటకమే.

మిగిలిన ప్రశ్న

నయా థియేటర్ కీర్తిలో సింహభాగం దర్శకుడి పేరు మీదే నమోదైంది. నాటకాలను అక్షరాలా సృష్టించినవారిలో మాత్రం బడి చదువు అంతగా లేని రైతులు, కూలీలు ఎక్కువ. కార్యశాలలో పుట్టిన నాటకానికి రచయిత ఎవరన్న ప్రశ్న అందుకే తేలికది కాదు. జానపద కళలను ఆధునిక వేదికకు తేవాలనుకునే తెలుగు నాటక బృందాలు కూడా ముందుగా ఆలోచించాల్సింది దీని గురించే.